చవక సర్వర్‌లో వ్యాపార డేటా, బ్యాకప్: పెట్టె ఎంచుకోవడం నుంచి రిస్టోర్ చేసి చూసుకునేదాకా

ఒక చిన్న ఆఫీసుకి నేను పెట్టిన బ్యాకప్ మూడు నెలలపాటు రోజూ రాత్రి 2 గంటలకు ఠంచనుగా నడిచింది. ఫోల్డర్ తెరిస్తే తేదీలవారీగా ఫైళ్లు బారులు తీరి ఉండేవి. ఒకరోజు అకౌంట్స్ చూసే అబ్బాయి ఫోన్ చేశాడు. "అన్నా, పోయిన వారం ఎంట్రీలు పొరపాటున డిలీట్ అయిపోయాయి, వెనక్కి తెప్పిస్తావా?" అన్నాడు. దానికేముంది అనుకుంటూ ఫోల్డర్ తెరిచాను. అప్పటిదాకా ఫైళ్ల పేర్లే చూసేవాణ్ని, ఆరోజు సైజులు చూశాను. ప్రతి ఫైలూ సరిగ్గా 20 బైట్లు.

జరిగింది ఇది. ఎప్పుడో డేటాబేస్ పాస్‌వర్డ్ మార్చారు. నా స్క్రిప్ట్‌లో మార్చడం మర్చిపోయాను. డంప్, అంటే డేటాబేస్ మొత్తాన్ని ఒక ఫైలుగా రాసిచ్చే కాపీ, రావడం ఆగిపోయింది. దాని వెనకున్న, ఫైళ్లని కుదించే జీజిప్ ప్రోగ్రామ్ మాత్రం తన పని తాను చేసుకుపోయింది, ఏమీ లేనిదాన్ని కూడా కుదించి ఒక ఫైలు చేసి పెట్టింది. ఖాళీని జీజిప్ చేస్తే వచ్చేది 20 బైట్లే. వరసలో చివరి ప్రోగ్రామ్ సక్సెస్ అంది కాబట్టి స్క్రిప్ట్ కూడా సక్సెస్ అనే అనుకుంది. ఎర్రర్ మెయిల్ రాలేదు. ఆ వారం ఎంట్రీలన్నీ కాగితాలు ముందేసుకుని మళ్లీ కొట్టారు.

ఆ బ్యాకప్ ఉన్నది ఒక పాత డెస్క్‌టాప్ మీద. "చవక మెషిన్ కదా, అందుకే" అన్నారు కొందరు. పాపం, మెషిన్ తప్పేమీ లేదు. పదింతలు పోసి కొన్న సర్వర్ అయినా ఆ 20 బైట్లనే భద్రంగా దాచి ఉండేది. అప్పట్నుంచి నా పద్ధతి మారింది. మెషిన్ మీద తక్కువ పెడతాను, అది ఏదో ఒకరోజు పోతుందని ముందే లెక్క వేసుకుంటాను, మిగిలిన డబ్బుతో వేరేచోట రెండోది పెడతాను, నెలకోసారి రిస్టోర్ చేసి చూస్తాను. ఐదారుగురి నుంచి ముప్పై మంది దాకా ఉన్న ఆఫీసు, లినక్స్ అంటే బెదరని మనిషి ఒకరు ఉన్నారనుకుని ఇది రాస్తున్నాను.

1. కొనడం తర్వాత, ముందు లెక్క

ఒక కాగితం తీసుకుని ఏ డేటా ఎక్కడుందో రాయండి. బిల్లింగ్ డేటాబేస్, అకౌంట్స్, కాంట్రాక్టుల స్కాన్లు, డిజైన్ ఫైళ్లు, మెయిళ్లు, వెబ్‌సైట్. ఎవరి ల్యాప్‌టాప్‌లోనో మాత్రమే ఉండే ఆ ఒక్క ఎక్సెల్ ఫైలుని కూడా రాయండి. చాలా ఆఫీసులు నడిచేది దానిమీదే.

ఒక్కోదాని పక్కన రెండు జవాబులు కావాలి. ఎంతసేపటి పని పోతే తట్టుకోగలం? పోయింది ఎంతసేపట్లో తిరిగి రావాలి? సర్వర్లు చూసేవాళ్లు మొదటిదాన్ని ఆర్‌పీఓ అని, రెండోదాన్ని ఆర్‌టీఓ అని అంటారు. ఉదాహరణకి బిల్లింగ్ డేటాబేస్ 2 జీబీ, గంట పని పోయినా కష్టమే, అరపూటలో మళ్లీ లేవాలి. స్కాన్లు 300 జీబీ, ఒకరోజువి పోతే మళ్లీ స్కాన్ చేసుకోవచ్చు. పాత ప్రాజెక్టుల వీడియోలు 1.5 టీబీ, వారం ఆలస్యమైనా ఎవరూ అడగరు. ఇలా రాసుకుంటే తెలిసేదేమిటంటే, అన్నిటికంటే విలువైనది సాధారణంగా అన్నిటికంటే చిన్నది. దాన్ని గంటకోసారి మూడుచోట్లకి పంపినా పెద్ద ఖర్చు కాదు. ఈ కాగితం లేకుండా షాపుకెళ్తే అన్నిటికీ ఒకే ఖరీదైన ఏర్పాటు కొనేసి వస్తాం.

సైజు విషయంలో ఒక మాట. డిస్క్ కంపెనీలు టీబీని వెయ్యి లెక్కన కొలుస్తాయి, విండోస్ 1,024 లెక్కన చూపిస్తుంది. 4 టీబీ డిస్క్ పెడితే 3.64 అని కనిపించేది అందుకే, షాపువాడు మోసం చేసి కాదు. ఇవాళ్టి డేటాకి రెండింతలు చోటు ఉండేలా చూసుకుంటే మొదటి రెండు మూడేళ్లు టెన్షన్ ఉండదు.

2. ఏది ఎక్కడ ఉండాలి

బ్యాకప్ గురించి అందరూ చెప్పే 3-2-1 లెక్కని ప్రచారంలోకి తెచ్చింది ఒక ఫొటోగ్రాఫర్, పీటర్ క్రోగ్. డేటా మూడు కాపీలుండాలి, రెండు రకాల మీడియాలో ఉండాలి, ఒకటి వేరే ఊళ్లోనో వేరే భవనంలోనో ఉండాలి. మన చవక ఏర్పాటులో ఇది ఇలా కుదురుతుంది. రోజూ పని చేసే డేటా ఆఫీసు సర్వర్‌లో ఉంటుంది. దాని బ్యాకప్ ఆఫీసులోనే ఇంకో చిన్న పెట్టెలో ఉంటుంది. మూడోది అద్దె సర్వర్‌లోనో, యజమాని ఇంట్లో పెట్టిన ఇంకో పెట్టెలోనో ఉంటుంది. మీడియా రెండు రకాలుగా ఉండాలన్నది ఇప్పుడు అంత పట్టుబట్టాల్సిన విషయం కాదని నా అభిప్రాయం. దూరం విషయంలో మాత్రం రాజీ పడకండి.

2021 మార్చి 10న స్ట్రాస్‌బర్గ్‌లో ఓవీహెచ్ డేటా సెంటర్‌కి నిప్పంటుకుని ఒక భవనం మొత్తం కాలిపోయింది, పక్కదానిలో కొంత భాగం పోయింది. చవకగా సర్వర్లు అద్దెకిచ్చే పెద్ద కంపెనీల్లో అదొకటి. బ్యాకప్ వేరే ఊళ్లో పెట్టుకున్నవాళ్లు ఒకట్రెండు రోజులు ఇబ్బంది పడి బయటపడ్డారు. అసలు, బ్యాకప్ రెండూ ఆ ప్రాంగణంలోనే ఉంచుకున్నవాళ్లలో కొందరికి ఏమీ మిగల్లేదు. అద్దె సర్వర్ తీసుకునేటప్పుడు "బ్యాకప్ ఉంటుందా" అని అడిగితే చాలదు. "బ్యాకప్ ఏ భవనంలో ఉంటుంది" అని అడగండి.

3. ఏ పెట్టె

ఫైళ్లు దాచే సర్వర్ ప్రాసెసర్‌కి పెద్దగా పని చెప్పదు. పదేళ్లలోపు ఏ ఆఫీసు డెస్క్‌టాప్ అయినా గిగాబిట్ నెట్‌వర్క్‌ని నింపేయగలదు. అందుకే డబ్బు ఆదా చేయాల్సింది ఇక్కడే.

పాత ఆఫీసు డెస్క్‌టాప్ నా మొదటి ఎంపిక. పెద్ద కంపెనీలు మూడు నాలుగేళ్లు వాడి వదిలేసినవి రీఫర్బిష్డ్‌గా దొరుకుతాయి. రెండు మూడు డిస్కులు పట్టే టవర్ కేసు చూసుకోండి. మరీ చిన్న మినీ పీసీలో 3.5 అంగుళాల డిస్క్ పట్టదు. అప్పుడు యూఎస్‌బీ ఎన్‌క్లోజర్ మీద ఆధారపడాల్సి వస్తుంది. మధ్యలో కనెక్షన్ తెగిపోవడం యూఎస్‌బీతో వచ్చే తలనొప్పి, రాత్రింబవళ్లు నడిచే సర్వర్ కోసం దాన్ని నేను నమ్మను.

పాత ర్యాక్ సర్వర్ చూస్తే నోరూరుతుంది. రెండు ప్రాసెసర్లు, బోలెడు మెమరీ, పన్నెండు డిస్కుల స్లాట్లు, అన్నీ డెస్క్‌టాప్ ధరకే. కానీ కరెంటు లెక్క చూడండి. 150 వాట్లు లాగే సర్వర్ రోజుకి 3.6 యూనిట్లు తింటుంది, ఏడాదికి 1,314 యూనిట్లు. 40 వాట్ల డెస్క్‌టాప్ ఏడాదికి 350 యూనిట్లతో సరిపెట్టుకుంటుంది. చప్పుడు సంగతి సరేసరి. మనుషులు కూర్చునే గదిలో దాన్ని పెడితే మొదటిరోజు సాయంత్రానికే తిట్లు మొదలవుతాయి. విడిగా ఒక గది ఉండి, ఆరేడు డిస్కులు నిజంగా అవసరమైతేనే అటు వెళ్లండి. కొన్నా, రెయిడ్ కార్డు (డిస్కుల్ని జతకట్టి ఒకటిగా చూపించేది) సంగతి ముందే కనుక్కోండి. డిస్కుల్ని నేరుగా ఆపరేటింగ్ సిస్టమ్‌కి చూపించే హెచ్‌బీఏ కార్డు కావాలి.

రెడీమేడ్ నాస్ పెట్టె (నెట్‌వర్క్‌కి తగిలించి ఫైళ్లు దాచుకునేది) కాస్త ఖరీదు, కానీ సర్వర్ చూసేవాళ్లు ఎవరూ లేని ఆఫీసుకి అదే మేలు.

మెమరీ 8 జీబీ కంటే తక్కువ వద్దు. తప్పుల్ని తానే సరిదిద్దుకునే ఈసీసీ మెమరీ దొరికితే సంతోషం, అది లేదని పని మాత్రం ఆపకండి. యూపీఎస్ తప్పనిసరి. దాని యూఎస్‌బీ కేబుల్‌ని సర్వర్‌కి తగిలించి, బ్యాటరీ అడుగంటగానే సర్వర్ తనంతట తాను పద్ధతిగా ఆగిపోయేలా నట్ అనే ప్రోగ్రామ్‌తో సెట్ చేయండి. యూపీఎస్ కొని ఈ కేబుల్ మాత్రం పెట్టెలోనే వదిలేసిన ఆఫీసులు చాలా చూశాను.

4. డిస్కుల దగ్గర పిసినారితనం వద్దు

డిస్కుల్ని జతకట్టే పద్ధతి పేరు రెయిడ్ (RAID), అందులో ఐ అక్షరానికి అర్థం మొదట్లో "చవక" అనే. 1988లో బర్క్‌లీలో డేవిడ్ ప్యాటర్సన్, గార్త్ గిబ్సన్, రాండీ కాట్జ్ రాసిన పరిశోధన పత్రం చెప్పింది అదే. ఒక భారీ ఖరీదైన డిస్క్ బదులు చవక డిస్కులు కొన్ని జతకట్టి వాడుకోవచ్చు, పాడయ్యేవి పాడవుతూనే ఉంటాయి, పని ఆగకుండా అదనపు డిస్కులు ఆదుకుంటాయి. మనం చేస్తున్నదీ అదే కనుక, పాడవుతాయన్న మాట మర్చిపోకూడదు.

కొత్త డిస్క్ కొనేటప్పుడు చూడాల్సింది అది సీఎంఆర్ రకమా, ఎస్‌ఎంఆర్ రకమా అని. సీఎంఆర్‌లో డేటా గీతలు విడివిడిగా పక్కపక్కన ఉంటాయి, మనకి కావాల్సింది అదే. ఎస్‌ఎంఆర్‌లో డేటా గీతలు పెంకుటింటి పెంకుల్లా ఒకదాని అంచుమీద ఒకటి పడతాయి. ఒక పెంకు మార్చాలంటే పక్కవి కదిలించాలి కదా, అలాగే ఒకచోట రాయాలంటే పక్క గీతల్ని కూడా తిరగరాయాలి. మామూలు వాడకంలో తెలియదు. పాడైన డిస్క్ స్థానంలో కొత్తది పెట్టి డేటా మొత్తం నింపాల్సి వచ్చినప్పుడు గంటల్లో అయ్యే పని రోజులు పడుతుంది, ఒక్కోసారి మధ్యలోనే చేతులెత్తేస్తుంది. 2020లో నాస్ కోసమే అని అమ్మిన కొన్ని మోడళ్లలోనూ ఎస్‌ఎంఆర్ ఉందని బయటపడి పెద్ద గొడవైంది. కాబట్టి పెట్టె మీద "నాస్" అని ఉంటే సరిపోదు. మోడల్ నంబర్‌తో కంపెనీ ఇచ్చే వివరాల పట్టిక చూసుకోండి.

సెకండ్‌హ్యాండ్ డిస్కులు కొనొచ్చా? కొనొచ్చు, కళ్లు తెరిచి. స్మార్ట్‌మోన్‌టూల్స్ అనే ప్రోగ్రామ్‌తో డిస్క్ తన గురించి తాను రాసుకున్న చిట్టా (స్మార్ట్ అంటారు) చదవొచ్చు. ముందుగా ఎన్ని గంటలు తిరిగిందో చూడండి. ఏడాదికి 8,760 గంటలు కనుక, 40,000 అని ఉంటే నాలుగున్నరేళ్లు ఆగకుండా తిరిగిందని అర్థం. ఆ తర్వాత 5, 187, 197, 198 నంబర్ల వరసలు. పాడైపోయి పక్కన పెట్టిన సెక్టార్లు, చదవలేకపోయినవి, అనుమానంలో ఉన్నవి ఇక్కడ కనిపిస్తాయి. వీటిలో సున్నా కాకుండా ఇంకేం కనిపించినా నేను తిరిగి ఇచ్చేస్తాను. 199 నంబరు ఒక్కటి వేరు. అది పెరుగుతుంటే చాలాసార్లు తప్పు డిస్క్‌ది కాదు, కేబుల్‌ది. కేబుల్ మార్చి చూడకుండా మంచి డిస్క్‌ని చెత్తబుట్టలో వేయకండి. ఇంకో చిన్న జాగ్రత్త, సాస్ డిస్కులు మరీ చవగ్గా దొరుకుతాయి కానీ మామూలు మదర్‌బోర్డు సాటా పోర్టుకి అవి తగలవు.

కొత్తదైనా పాతదైనా, డేటా పెట్టేముందు ఒకసారి చెమటలు పట్టించండి. బ్యాడ్‌బ్లాక్స్ అనే లినక్స్ ప్రోగ్రామ్‌ని రైట్ మోడ్‌లో నడిపితే డిస్క్ మొత్తం నాలుగుసార్లు రాసి, నాలుగుసార్లు చదివి చూస్తుంది. 4 టీబీకి రెండు రోజుల పైనే పడుతుంది. డిస్క్ మీద ఉన్నదంతా తుడిచేస్తుంది కూడా, కాబట్టి ఏ డిస్క్ పేరు ఇస్తున్నారో రెండుసార్లు చూసుకుని ఎంటర్ కొట్టండి. అది పూర్తయ్యాక స్మార్ట్ చిట్టా మళ్లీ చదివి మొదటిదానితో పోల్చండి.

ఎలా జతకట్టాలి అంటే, చిన్న ఆఫీసుకి రెండు డిస్కుల మిర్రర్, అంటే ఒకే డేటా రెండిటి మీదా రాయడం, చాలు. సగం చోటు పోతుందని బాధపడి మూడు పెద్ద డిస్కులతో రెయిడ్ 5 (ఒక డిస్కంత చోటే పోయే పద్ధతి) పెట్టేవాళ్లుంటారు. ఒక డిస్క్ పోతే, మిగిలిన రెండూ మొదటి నుంచి చివరిదాకా ఒక్క తప్పు లేకుండా చదవగలిగితేనే మూడోది పూర్తిగా తిరిగొస్తుంది. మామూలు డిస్కుల్లో చాలావాటికి కంపెనీలే ఇచ్చే హామీ 12.5 టీబీ చదివితే ఒకచోట చదవలేకపోవచ్చు అని. నిజానికి అంతకంటే బాగానే పనిచేస్తాయి, కానీ అలాంటి రోజున ఆ నమ్మకంతో కూర్చోవడం నా వల్ల కాదు. మిర్రర్‌లో పెట్టే రెండు డిస్కులూ వేర్వేరు షాపుల్లో, లేదా వేర్వేరు కంపెనీలవి కొనండి. ఒకే బ్యాచ్‌వి ఒకే నెలలో పోవడం విన్నాను.

అన్నట్టు రెయిడ్ బ్యాకప్ కాదు. మీరు డిలీట్ చేసిన ఫైలు రెండు డిస్కుల మీదా ఒకే క్షణంలో డిలీట్ అవుతుంది.

5. ఆపరేటింగ్ సిస్టమ్

బ్రౌజర్‌లో బటన్లు నొక్కి పని కానివ్వాలంటే ట్రూనాస్, ఇంకా తేలిగ్గా కావాలంటే ఓపెన్‌మీడియావాల్ట్. కమాండ్ లైన్ అలవాటుంటే నేరుగా డెబియన్ లినక్స్. నేను వాడేది డెబియనే, కానీ నా తర్వాత ఎవరు చూస్తారో తెలియని చోట ట్రూనాస్ పెట్టి వస్తాను.

ఫైల్‌సిస్టమ్‌గా, అంటే డిస్క్ మీద ఫైళ్లని అమర్చే పద్ధతిగా, జెడ్‌ఎఫ్‌ఎస్ పెట్టండి. సన్ మైక్రోసిస్టమ్స్‌లో పుట్టి 2005లో ఓపెన్ సోర్స్ అయింది. ఇది ప్రతి బ్లాక్‌కీ ఒక చెక్‌సమ్ (డేటా మారిందో లేదో పట్టిచ్చే చిన్న సంఖ్య) రాసి ఉంచుకుంటుంది. చదివేటప్పుడు అది సరిపోలకపోతే మిర్రర్‌లోని రెండో డిస్క్ నుంచి మంచి కాపీ తీసి మొదటిదాన్ని సరిచేస్తుంది. మామూలు రెయిడ్‌లో రెండు డిస్కులూ వేర్వేరు మాట చెబితే ఎవరిది నిజమో తేల్చే దిక్కుండదు. నెలకోసారి స్క్రబ్ (డిస్క్ మీద డేటా అంతా చదివి సరిచూసే పని) నడిచేలా పెట్టండి, ఎవరూ తెరవని పాత ఫైళ్లని కూడా అది చదివి చూస్తుంది.

స్నాప్‌షాట్లు, అంటే ఆ క్షణానికి ఫైళ్లు ఎలా ఉన్నాయో అలా పట్టి ఉంచేవి, ఆన్ చేయడం మర్చిపోకండి. గంటకోసారి తీసి ఒక రోజు, రోజుకోసారి తీసి ఒక నెల ఉంచండి. మారినవాటికే చోటు పడుతుంది కాబట్టి బరువు కాదు. "ఫైలు పొరపాటున ఓవర్‌రైట్ చేశాను" అనే ఫోన్లలో చాలావరకు స్నాప్‌షాట్‌తోనే రెండు నిమిషాల్లో తేలిపోతాయి. డిస్క్ 80 శాతం దాటకుండా చూసుకోండి, నిండేకొద్దీ జెడ్‌ఎఫ్‌ఎస్ నెమ్మదిస్తుంది.

6. తలుపులు వేసుకోవడం

ఆఫీసు కంప్యూటర్లకి షేర్ ఇచ్చేటప్పుడు అందరికీ ఒకే యూజర్ పేరు వద్దు. అకౌంట్స్ ఫోల్డర్ అకౌంట్స్ వాళ్లకే. సర్వర్ అడ్మిన్ పాస్‌వర్డ్ ఏ ఆఫీసు కంప్యూటర్‌లోనూ సేవ్ అయి ఉండకూడదు. ఎస్‌ఎంబీ (విండోస్ కంప్యూటర్లు ఫైళ్లు పంచుకునే పద్ధతి) మొదటి వెర్షన్‌ని ఆపేయండి. 2017 మే నెలలో వానాక్రై అనే రాన్సమ్‌వేర్ (డేటాకి తాళం వేసి డబ్బు అడిగే ప్రోగ్రామ్) ప్రపంచమంతా పాకింది దానిలోని లోపం పట్టుకునే. దానికి ప్యాచ్ అదే ఏడాది మార్చిలోనే వచ్చినా వేసుకోనివాళ్లే ఎక్కువగా దెబ్బతిన్నారు. అందుకని సెక్యూరిటీ అప్‌డేట్లు వాటంతటవే పడేలా పెట్టండి.

ఇంటి నుంచి ఫైళ్లు కావాలని ఎవరైనా అడిగితే రౌటర్‌లో పోర్టు తెరవకండి. 2022 జనవరిలో డెడ్‌బోల్ట్ అనే రాన్సమ్‌వేర్ ఇంటర్నెట్‌కి నేరుగా కనిపిస్తున్న నాస్ పెట్టెల్ని వేలల్లో తాళం వేసేసింది. దాని బదులు వైర్‌గార్డ్ వీపీఎన్ (బయటి నుంచి ఆఫీసు నెట్‌వర్క్‌లోకి తాళం ఉన్న దారి) పెట్టడం ఒక పూట పని. అద్దె సర్వర్‌కి ఎస్‌ఎస్‌హెచ్ (దూరం నుంచి లాగిన్ అయ్యే దారి) మాత్రం తెరిచి, అది కూడా కీ ఫైలుతోనే లాగిన్ అయ్యేలా, పాస్‌వర్డ్ పనిచేయకుండా మార్చండి.

7. అసలు బ్యాకప్

ముందుగా ఒక తేడా. సింక్ వేరు, బ్యాకప్ వేరు. ఆర్‌సింక్‌తో రోజూ రాత్రి ఫోల్డర్‌ని ఇంకోచోటికి కాపీ కొడుతుంటే, ఇవాళ చెడిపోయిన ఫైలు రాత్రికి అక్కడి మంచి ఫైలుని కూడా చెరిపేస్తుంది. బ్యాకప్ అంటే పాత తేదీలు కూడా ఉండాలి. దీనికి రీస్టిక్ లేదా బోర్గ్ వాడండి. రెండూ ఉచితం. రెండూ ఫైళ్లని ముక్కలు చేసి, ఒకే ముక్క వందసార్లు వచ్చినా ఒక్కసారే దాస్తాయి. ఎన్‌క్రిప్ట్ చేసే పంపుతాయి కాబట్టి అద్దె సర్వర్ వాళ్లు కూడా చదవలేరు. విండోస్ కంప్యూటర్లు చాలా ఉంటే అర్‌బ్యాకప్ చూడండి, సర్వర్ నుంచే అన్నిటినీ చూసుకోవచ్చు.

డేటాబేస్ ఫైళ్లని నడుస్తుండగా నేరుగా కాపీ చేయకండి. కాపీ మొదలైనప్పుడు ఉన్న స్థితి, ముగిసినప్పటి స్థితి వేరు. రెండూ కలిసి ఎందుకూ పనికిరాని ఫైలు వస్తుంది. మైఎస్‌క్యూఎల్ అయితే సింగిల్ ట్రాన్సాక్షన్ ఆప్షన్‌తో డంప్ తీయండి, పోస్ట్‌గ్రెస్ అయితే పీజీడంప్‌తో. ఆ డంప్‌ని రీస్టిక్‌కి అప్పజెప్పండి.

ఇక్కడే నా 20 బైట్ల మందు కూడా ఉంది. బ్యాష్ స్క్రిప్ట్ మొదట్లో పైప్‌ఫెయిల్ ఆప్షన్ ఆన్ చేస్తే వరసలో ఏ ప్రోగ్రామ్ ఫెయిలైనా స్క్రిప్ట్ ఫెయిలైనట్టే లెక్క. దానికి తోడు రెండు తనిఖీలు రాశాను. డంప్ సైజు నిన్నటిదానిలో సగం కంటే తగ్గితే ఆగి అరవాలి. మైఎస్‌క్యూఎల్ డంప్ మామూలుగా పూర్తయితే చివరి వరసలో డంప్ ముగిసిందనే కామెంట్ ఉంటుంది, అది లేకపోతే కూడా అరవాలి. మొత్తం పది వరసల పని. ఆ మూడు నెలల కాలంలో ఆ పది వరసలు ఉండి ఉంటే ఇదంతా రాసే అవసరమే వచ్చేది కాదు.

ఎన్ని రోజులవి ఉంచాలి? పాతకాలం నుంచి వస్తున్న తాత, తండ్రి, కొడుకు పద్ధతి ఇప్పటికీ బాగుంది. రోజువారీవి 7, వారంవారీవి 4, నెలవారీవి 12 ఉంచండి. రీస్టిక్‌కి ఈ మూడు అంకెలు చెబితే మిగతావి అదే తీసేస్తుంది. ఏడాది క్రితం చెడిన ఫైలు ఆడిట్ టైములో బయటపడడం మామూలే కాబట్టి నెలవారీవి తగ్గించకండి.

ఇక రాన్సమ్‌వేర్. ఆఫీసు సర్వర్‌లోకి దూరినవాడు ముందు వెతికేది బ్యాకప్ ఎక్కడుందా అని. ఆఫీసు సర్వర్ దగ్గర బ్యాకప్ సర్వర్‌లో డిలీట్ చేసే అధికారం ఉంటే అసలుతో పాటు కాపీ కూడా తుడిచిపెట్టుకుపోతుంది. దీనికి రెండు దారులున్నాయి. బ్యాకప్ సర్వరే వచ్చి ఆఫీసు సర్వర్ నుంచి డేటా లాక్కునేలా పెట్టవచ్చు, అప్పుడు ఆఫీసు సర్వర్‌కి అటువైపు తాళమే ఉండదు. లేదా రీస్టిక్ వాళ్ల రెస్ట్ సర్వర్‌ని అపెండ్ ఓన్లీగా నడపవచ్చు, అప్పుడు ఆఫీసు సర్వర్ కొత్తవి చేర్చగలదు కానీ పాతవి తీసేయలేదు. పాతవి తీసే పని బ్యాకప్ సర్వర్ మీద విడిగా నడుస్తుంది.

ఎన్‌క్రిప్షన్ పాస్‌వర్డ్ పోతే రీస్టిక్ రాసినవాళ్లు దిగొచ్చినా డేటా తెరవలేరు. ఆ పాస్‌వర్డ్‌ని సర్వర్‌లోనే ఉంచితే, సర్వర్ పోయిన రోజున తాళంచెవి కూడా లోపలే ఉండిపోతుంది. ప్రింటు తీసి రెండు కవర్లలో పెట్టి, యజమాని దగ్గర ఒకటి, బ్యాంకు లాకర్‌లో ఒకటి ఉంచండి.

8. దూరంగా ఉండే మూడో కాపీ

ఇంటర్నెట్ అప్‌లోడ్ వేగం చూసుకుని ఆశపడండి. 100 ఎంబీపీఎస్ లైను మీద 1 టీబీ పంపాలంటే, ఏ ఆటంకం లేకుండా నడిస్తే, 22 గంటలు. 20 ఎంబీపీఎస్ అయితే నాలుగున్నర రోజులు దాటుతుంది. రోజూ పంపేది మారిన ముక్కలే కాబట్టి తర్వాత ఇబ్బంది లేదు. మొదటిసారి మొత్తం పంపడమే కష్టం. రెండో పెట్టె మీదే అయితే, దాన్ని ముందు ఆఫీసుకి తెచ్చి లోకల్ నెట్‌వర్క్‌లో నింపి తర్వాత దాని చోటికి తీసుకెళ్లండి. గిగాబిట్ మీద 1 టీబీ రెండున్నర గంటల్లో అయిపోతుంది. కారు డిక్కీలో వెళ్లే డిస్క్‌ వేగాన్ని ఏ ఇంటర్నెట్ లైనూ అందుకోలేదు.

అద్దెకి తీసుకుంటే స్టోరేజ్ వీపీఎస్ అనే రకం చూడండి. ప్రాసెసర్ తక్కువ, డిస్క్ ఎక్కువ, మన పనికి సరిగ్గా సరిపోతుంది. అమెజాన్ ఎస్3 తరహా ఆబ్జెక్ట్ స్టోరేజ్ (ఇంటర్నెట్ ద్వారా ఫైళ్లు దాచుకునే అద్దె చోటు) కూడా రీస్టిక్‌కి బాగా కుదురుతుంది. దానిలో ఆబ్జెక్ట్ లాక్ ఉంటే ఫలానా తేదీదాకా ఎవరూ డిలీట్ చేయలేకుండా పెట్టొచ్చు. అయితే పాతవి తీసే గడువులు, లాక్ గడువు ఒకదానికొకటి అడ్డు రాకుండా చూసుకోవాలి.

ధర పట్టికలో అందరూ చూసేది నెలకి టీబీకి ఎంత అని. చూడాల్సింది తిరిగి తెచ్చుకోవడానికి ఎంత అని కూడా. కొన్నిచోట్ల పెట్టడం చవక, బయటికి తీసేటప్పుడు ప్రతి జీబీకీ బిల్లు పడుతుంది. మీ డేటా మొత్తం ఒకసారి దించుకుంటే ఎంతవుతుందో ముందే గుణించుకోండి. ఇంకొకటి, అద్దె బిల్లు కట్టకపోతే ఎన్ని రోజులకి డేటా తుడిచేస్తారో నిబంధనల్లో చదవండి. కార్డు గడువు తీరి, గుర్తుచేసే మెయిళ్లు ఎవరూ చూడని ఇన్‌బాక్స్‌కి వెళ్లి బ్యాకప్ పోవడం డిస్క్ పాడవడం కంటే అరుదేమీ కాదు. బిల్లింగ్ మెయిల్ ఇద్దరికి వెళ్లేలా పెట్టండి.

9. బాగానే నడుస్తోందని ఎలా తెలుస్తుంది

2017 జనవరి 31న, ప్రోగ్రామర్లు కోడ్ దాచుకునే గిట్‌ల్యాబ్ అనే కంపెనీలో ఒక ఇంజినీరు రాత్రిపూట తప్పు సర్వర్ మీద డిలీట్ కమాండ్ ఇచ్చాడు. తేరుకుని ఆపేసరికి 300 జీబీ డేటాబేస్‌లో నాలుగున్నర జీబీ మిగిలింది. బ్యాకప్ తీద్దామని చూస్తే అవి దాచే ఎస్3 బకెట్ ఖాళీ. డంప్ తీసే ప్రోగ్రామ్ వెర్షన్ డేటాబేస్ వెర్షన్‌తో కలవక రోజూ ఫెయిల్ అవుతోంది. ఫెయిలైందని మెయిళ్లు పంపుతూనే ఉంది. వాటిని మెయిల్ సర్వర్ డీమార్క్ (పంపినవాళ్లు అసలువాళ్లేనా అని చూసే తనిఖీ) సరిగ్గా లేదని తిప్పికొడుతోంది. ఎవరో వేరే పని కోసం ఆరు గంటల ముందు తీసిన స్నాప్‌షాట్ ఉండబట్టి బయటపడ్డారు. జరిగిందంతా వాళ్లే దాచకుండా బయటపెట్టారు కాబట్టి మనకీ తెలిసింది.

అందుకే ఫెయిలైతే మెయిల్ రావాలి అనే ఏర్పాటుని నేను నమ్మను. తిరగేసి పెట్టుకోవాలి. బ్యాకప్ విజయవంతంగా ముగిసిన ప్రతిసారీ ఒక బయటి సర్వీసుకి చిన్న పలకరింపు పంపుతుంది, ఫలానా టైముకి ఆ పలకరింపు రాకపోతే ఆ సర్వీసు మన ఫోన్‌కి మెసేజ్ పంపుతుంది. హెల్త్‌చెక్స్ అనే ఓపెన్ సోర్స్ ప్రోగ్రామ్ చేసేది ఇదే. సర్వర్ కాలిపోయినా, నెట్ పోయినా, స్క్రిప్ట్ ఎవరో ఆపేసినా, అన్నిటికీ గుర్తు ఒక్కటే, మౌనం. స్మార్ట్ చిట్టా, జెడ్‌ఎఫ్‌ఎస్ స్థితి, డిస్క్ ఎంత నిండిందన్నది కూడా ఇదే దారిలో కలపండి.

10. రిస్టోర్ చేసి చూడండి

నెలలో ఒక రోజు క్యాలెండర్‌లో పెట్టేయండి. ఆ రోజు ఆఫీసులో ఎవరినైనా పిలిచి ఒక ఫోల్డర్, ఒక తేదీ చెప్పమనండి. మీరే ఎంచుకుంటే తెలియకుండానే తేలికైనది ఎంచుకుంటారు. ఆ ఫైలుని దూరపు కాపీ నుంచి వేరే ఫోల్డర్‌లోకి దించండి, అసలుదాని మీదికి కాదు. తెరవండి. స్కాన్ అయితే పేజీలు తిప్పండి. ఎక్సెల్ అయితే చివరి షీటు దాకా వెళ్లండి. రీస్టిక్‌లో చెక్ కమాండ్‌కి డేటాలో పది శాతం చదివి చూడమని చెప్పే ఆప్షన్ ఉంది, అది కూడా అదే రోజు నడపండి.

మూడు నెలలకోసారి డేటాబేస్ వంతు. ఒక ఖాళీ మెషిన్ మీద డంప్ ఎక్కించి, బిల్లింగ్ ప్రోగ్రామ్‌ని దానికి తగిలించి, నిన్నటి చివరి బిల్లు నంబరు కనిపిస్తోందా చూడండి. అకౌంట్స్ వాళ్లని పక్కన కూర్చోబెట్టుకోండి. లెక్క సరిపోయిందో లేదో మీకంటే వాళ్లకే ముందు తెలుస్తుంది. ఏడాదికోసారి ఇంకో పరీక్ష కూడా పెట్టండి. మీరు ఊళ్లో లేరనుకుని, మీరు రాసిన కాగితం మాత్రమే చూసి ఇంకొకరు రిస్టోర్ చేయాలి. మా దగ్గర మొదటిసారి ఆ పరీక్ష మూడో లైను దగ్గరే ఆగిపోయింది. "సర్వర్‌లోకి లాగిన్ అవ్వండి" అని రాశాను కానీ దాని చిరునామా రాయలేదు.

ప్రతిసారీ ఒక నోట్‌బుక్‌లో తేదీ, ఏ ఫైలు, ఎన్ని నిమిషాలు పట్టింది, ఏం అడ్డొచ్చింది రాయండి. మొదటి పేజీలో మీరు రాసుకున్న ఆ రెండు జవాబుల కాగితం అతికించండి. అరపూటలో రావాలని రాసుకున్న బిల్లింగ్ రావడానికి నిజంగా తొమ్మిది గంటలు పడుతుంటే, తర్వాత కొనాల్సింది ఏమిటో ఆ పేజీయే చెబుతుంది.